డ్రాగ్‌స్టర్ బొమ్మ చేస్తున్నారా? ముందు ఇంజిన్ ఎక్కడో తేల్చుకోండి.. ఓ రేసర్ పాదం పోయాక మారిన డిజైన్ ఇది!

పొడవాటి సన్నని ఫ్రేము, ముందు సైకిల్ చక్రాల్లాంటి రెండు చక్రాలు, వెనక బాగా వెడల్పాటి టైర్లు.. రీల్స్‌లో ఈ బుల్లి కారు అర నిమిషంలో తయారైపోతుంది. టేబుల్ మీద మాత్రం వారాలు పడుతుంది. ముక్కలు అతికించడం అంత కష్టమేమీ కాదు. ఏ కాలం నాటి కారు చేస్తున్నామో తెలియకుండా మొదలుపెడితేనే అసలు చిక్కు.

పాత కార్ల బరువు తగ్గించి, పెద్ద ఇంజిన్ బిగించి అమెరికా కుర్రాళ్లు నడిపిన బండ్లే హాట్ రాడ్‌లు. అందులో తిన్నగా పావు మైలు, అంటే 402 మీటర్లు దూసుకెళ్లడానికి మాత్రమే తయారైంది డ్రాగ్‌స్టర్. ఈ పందేలను వీధుల నుంచి ట్రాక్‌ల మీదకు తెచ్చేందుకు 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించారు. ఆ తర్వాతి దశాబ్దంలో ఏఎమ్‌టీ, రెవెల్ లాంటి కంపెనీలు ఈ కార్లను ప్లాస్టిక్ కిట్లుగా ఇంటింటికీ చేర్చాయి. ఎక్కువ కిట్లు 1/25 స్కేల్‌వే. అంటే అసలు కారులో 25 అంగుళాలు ఇక్కడ ఒక్క అంగుళం. ఆ లెక్కన పావు మైలు ట్రాక్ మొత్తం 16 మీటర్లలో ముగిసిపోతుంది!

పాదాలు ఎక్కడ పెట్టాలి?

1960ల నాటి డ్రాగ్‌స్టర్‌ను స్లింగ్‌షాట్ అనేవారు. మన ఉండేలు లాంటిదే. ఇంజిన్ ముందు, డ్రైవర్ దాని వెనక.. వెనక చక్రాల ఇరుసు కంటే కూడా వెనక. కిట్‌లో జిగురు పెట్టకుండా సీటు, గేర్‌బాక్స్, ఇరుసు ఒకసారి అమర్చి చూడండి. డ్రైవర్ కాళ్లు ఇరుసు దాటి ముందుకు చాచుకోవాల్సిందే. పాదాలకు మిగిలే చోటు గేర్‌బాక్స్‌కు అటూ ఇటూ మాత్రమే. ఎంత ప్రమాదకరమో బొమ్మలోనే తెలిసిపోతుంది.

1970 మార్చి 8న అదే జరిగింది. కాలిఫోర్నియా లాంగ్ బీచ్ దగ్గరి లయన్స్ ట్రాక్‌పై 'బిగ్ డాడీ' డాన్ గార్లిట్స్ కారు బయల్దేరిన క్షణంలోనే గేర్‌బాక్స్ పేలింది. కారు రెండు ముక్కలైంది. ఆయన కుడి పాదంలో కొంత భాగం పోయింది. ఆస్పత్రి మంచం మీద నుంచే గార్లిట్స్ ఇంజిన్‌ను తన వెనక్కి పంపేయాలని నిర్ణయించుకున్నారు. అంతకుముందు ఈ ప్రయత్నం చేసినవాళ్లు లేకపోలేదు. కానీ ఆ కార్లు తిన్నగా పోయేవి కావు. గార్లిట్స్ కారు కూడా మొదట్లో అటూ ఇటూ ఊగింది. కిటుకు ఇంజిన్‌లో లేదు, స్టీరింగ్‌లో ఉంది! స్టీరింగ్ ఎక్కువ తిప్పితే చక్రం కొద్దిగా తిరిగేలా మార్చగానే కారు దారిన పడింది. అదే స్వాంప్ ర్యాట్ 14. 1971లో పొమోనాలో జరిగిన వింటర్‌నేషనల్స్‌లో గెలిచింది. ఆ తర్వాత కొన్నేళ్లకే పెద్ద రేసుల్లో స్లింగ్‌షాట్ కనుమరుగైంది.

అందుకే ముందు కాలం తేల్చుకోవాలి. ఇంజిన్ ముందుంటే 60ల రూపం, వెనకుంటే 70ల రూపం. రెండూ కలిపేస్తే తెలిసినవాళ్లు చూడగానే పట్టేస్తారు.

రేడియేటర్ వెతక్కండి

కిట్ పెట్టెలో రేడియేటర్ లేదని కంగారు పడొద్దు. కొన్ని సెకన్ల పరుగుకు అది అనవసరం. స్టార్టర్ మోటార్ కూడా ఉండేది కాదు. వెనక నుంచి ఇంకో బండితో నెట్టి స్టార్ట్ చేసేవారు. ఇంజిన్ నెత్తిన కూర్చునే పెద్ద డబ్బా సూపర్‌చార్జర్. దానికి పేరు 6-71. ఇది జీఎంసీ డీజిల్ ఇంజిన్ నుంచి వచ్చిన భాగం. ఆరు సిలిండర్లు, ఒక్కోటి 71 ఘనపు అంగుళాలు.. పేరు అక్కడిదే. లారీ సామాను రేసు కారెక్కిందన్నమాట.

మోడల్‌కు ప్రాణం పోసేది ప్లగ్ వైర్లే. అసలు వైరు 8 మిల్లీమీటర్లు ఉంటే 1/25లో 0.32 మిల్లీమీటర్లు. పాత కరెంటు వైరు ఒలిస్తే ఇంత సన్నటి రాగి పోగులు దొరుకుతాయి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. క్రైస్లర్ హెమీ ఇంజిన్‌లో ప్లగ్గులు పక్కన సైలెన్సర్ గొట్టాల దగ్గర ఉండవు. పైన వాల్వ్ కవర్ మధ్యలోంచే వైరు లోపలికి దిగుతుంది. వైపుకు నాలుగు, మొత్తం ఎనిమిది. ఆ కాలపు మాగ్నెటో లోపలే కాయిల్ ఉంటుంది కాబట్టి తొమ్మిదో వైరు పెట్టొద్దు.

ఫ్రేము, రంగు

ఎనిమిది అంగుళాల సన్నని ఫ్రేము ఇట్టే మెలి తిరుగుతుంది. అద్దం ముక్క మీద తిన్నగా గీతలు గీసి, దానిపైనే అతికించి రాత్రంతా కదపకుండా వదిలేయాలి. నాలుగు చక్రాలూ అద్దాన్ని తాకితేనే తర్వాతి పని. క్రోమ్ పూత ఉన్న భాగాలకు జిగురు అంటదు. అతికే చోట బ్లేడుతో గీకేయాల్సిందే.

రంగుకు ముందు ముక్కలన్నీ గిన్నెల సబ్బుతో కడగాలి. హాట్ రాడ్‌ల మెరుపు రంగును 'క్యాండీ' అంటారు. కింద వెండి లేదా బంగారు రంగు, పైన పారదర్శకమైన ఎరుపో నీలమో. ఒక్కో పూతకు రంగు ముదురుతుంది. కాబట్టి బాడీకి నాలుగు పూతలు వేసి ముక్కుకు మూడు వేస్తే రెండు వేర్వేరు కార్లలా కనిపిస్తాయి. ముందు ప్లాస్టిక్ చెంచాల మీద వేసి లెక్క చూసుకోవడం మేలు. ఎనామెల్ మీద ల్యాకర్ వేస్తే పగుళ్లొస్తాయి. స్ప్రే చేసేటప్పుడు కిటికీలు తెరవాలి, మాస్క్ పెట్టుకోవాలి. పిల్లలు ఒంటరిగా చేసే పని కాదిది.

ఇక మిగిలింది టైర్లు. మధ్యలో అచ్చు గీత కనిపిస్తే ఉప్పు కాగితంతో రుద్దండి. గీతతో పాటు మెరుపూ పోయి, కాలిన రబ్బరులా కనిపిస్తుంది. చక్రానికి టైరు తొడిగే చోట మాత్రం ఎనామెల్ రంగో, సన్నని రేకు కాగితమో అడ్డు వేయాలి. పాత కిట్ల వినైల్ టైర్లలోని మెత్తబరిచే రసాయనం మెల్లగా బయటికొచ్చి చక్రాల ప్లాస్టిక్‌ను కరిగించేస్తుంది. అల్మారాలో పెట్టిన కారు కొన్నేళ్లకు చక్రాలు అతుక్కుపోయి కనిపించేది అందుకే.