అమరావతి రాళ్ళకు రూపం నిలిపిన చిత్రకారులు

అమరావతి శిల్పాల గొప్పతనం మన గుంటూరు వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే ఆ శిల్పాలను మొదట కాగితంమీదికి ఎక్కించిన చేతులను మనం తలచుకోము. అందుకే ఈ నాలుగు మాటలు.

కర్నల్ కాలిన్ మెకంజీ 1798లో అమరావతి దీపాలదిన్నెను చూచాడు. అప్పటికే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారి మనుషులు దిబ్బను తవ్వి రాళ్ళు తీస్తున్నారు. మెకంజీ 1816లో మళ్ళీ వచ్చేసరికి చాలా భాగం పోయింది. చలువరాయి లాంటి ఆ పలకలు కొన్ని గుడికి, కొన్ని చెరువు మెట్లకు, కొన్ని మసీదుకు వెళ్ళాయి. కొన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. ఇందులో ఒకరినొకరు వేలెత్తి చూపుకోవలసిన పని లేదని మా అభిప్రాయం. అందరికీ అది దగ్గరలో దొరికిన మంచి రాయి, అంతే.

అప్పుడు మెకంజీ తన చిత్రకారులను దింపాడు. హెన్రీ హామిల్టన్, జాన్ న్యూమన్, మురుగేశ మొదలియారు వగైరాలు 1816, 1817లలో కొలతలు వేసి, గీతలు గీసి ఎనభైకి పైగా పటాలు తయారుచేశారు. దిబ్బ మొత్తానికి ప్లాను కూడా గీశారు. ఫోటోలు లేని కాలమది. బొమ్మ పుస్తకంలో అచ్చు కావాలంటే ఎవరో రాగిరేకు మీదనో, చెక్క మీదనో, రాతి మీదనో దాన్ని మళ్ళీ దించాలి. ఆ పనివాడికి ఆధారం ఈ చిత్రకారుడి గీతే. గీత తప్పితే అచ్చంతా తప్పే. విరిగిన పలకను విరిగినట్టే గీయడం ఈ పనిలో పెద్ద నిజాయితీ.

అదే 1816లో మద్రాసులో థామస్ హిక్కీ మెకంజీ చిత్తరువు గీశాడు. అందులో ఆయన పక్కన కావలి వెంకట లక్ష్మయ్య, ధర్మయ్య, కిష్టాజీ ఉన్నారని చెబుతారు. పటాలు గీసినవారికి మాత్రం అందులో చోటు దక్కలేదు.

మెకంజీ 1821లో గతించాడు. 1868లో ఫెర్గుసన్ తన అమరావతి గ్రంథానికి ఈ పటాలనే ఆధారం చేసుకున్నాడు. అందులో ఫోటోలతోపాటు లితో అచ్చులూ ఉన్నాయి. 1880లో ప్రభుత్వమే దిబ్బనంతా తవ్వించేసింది. ఏ రాయి ఎక్కడ నిలిచి ఉండేదో చెప్పడానికి ఇక నేలలో మిగిలింది తక్కువ. నేడు శిల్పాలు మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. పటాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. పటంలో ఉండి, రాయిగా ఎక్కడా దొరకని పలకలూ వాటిలో ఉన్నాయి.