నోరులేని ముద్దాయి పక్షమున

నరహత్య చేసినవాని పక్షమున ప్లీడరు నిలువబడుట తగునా? రచ్చబండ యొద్ద ఈ ప్రశ్నను మీరు వినియుందురు, అడిగియు నుందురు. అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రములోని ఆబర్న్ పట్టణమందు 1846లో జరిగిన ఒక వ్యాజ్యమును చెప్పెదను, వినుడి.

విలియం ఫ్రీమన్ ఆ ఊరి నల్లజాతి పేదవాడు. పదునారేండ్ల ప్రాయమున గుఱ్ఱమును దొంగిలించెనని అతనికి అయిదేండ్ల చెర విధించిరి. తాను దొంగను కానని అతడు చెప్పుచునే యుండెను. చెరలో ఒక కావలివాడు చెక్కపలకతో తలమీద కొట్టగా అతనికి చెవుడు వచ్చెను. 1845లో విడుదలైనప్పుడు, వెళ్లినవాడు వేరు, వచ్చినవాడు వేరు. ఊరక నవ్వుచుండును. చేయని నేరమునకు అయిదేండ్లు చాకిరి చేసితిని, నా కూలి ఇప్పించుడని మేజిస్ట్రేటుల చుట్టు తిరిగెను. ఫలము లేకపోయెను. 1846 మార్చి 12 రాత్రి అతడు కత్తి పట్టుకొని వాన్ నెస్ట్ అను రైతు ఇంటికి పోయి ఆ రైతును, అతని భార్యను, రెండేండ్ల పసివానిని, ముసలి అత్తను పొడిచెను. నలుగురును చనిపోయిరి. వారు అతనికి ఏ కీడును చేసినవారు కారు.

జనులు అతనిని అక్కడనే చంపజూచిరి. అధికారులు ఎట్లో తప్పించి జైలుకు చేర్చిరి. భూస్థాపన దినమున ప్రసంగించిన బోధకుడు సహితము హంతకులను తప్పించు వకీళ్లను నిందించెను. ఆ ప్రసంగమును అచ్చువేసి పంచిరి. దుఃఖములో నున్నవారి నోట ఏ మాటయైనను వచ్చును. గాని బోధకుడు విచారణకు ముందే తీర్పు చెప్పుట నాకు న్యాయముగా తోచదు.

కోర్టులో ముద్దాయిని నిలువబెట్టి, నీకు వకీలున్నాడా అని అడిగిరి. అతనికి ప్రశ్నయే తెలియలేదు. అప్పుడు విలియం సీవార్డ్ లేచి, ఇతని పక్షమున నేనున్నానని చెప్పెను. ఈయన 1839 నుండి 1842 వరకు ఆ రాష్ట్రపు గవర్నరు. ఆబర్న్ ఆయన కాపురమున్న ఊరు. రుసుము లేదు. స్నేహితులు వద్దనిరి, ఊరివారు దూషించిరి. భార్య ఫ్రాన్సెస్ ఆయనను బలపరచెను.

ఇట్టి ముద్దాయిచేత వకీలునకు కలుగు కష్టమును ఆలోచించుడి. తక్కినవారు జరిగినది తమ ప్లీడరుతో చెప్పుకొందురు, ఇతడు చెప్పుకొనలేడు. కాబట్టి సీవార్డ్ ఇరుగుపొరుగువారిని, చెరసాల ఎరిగినవారిని, వైద్యులను వెదకి తెచ్చెను. యూటికా పిచ్చాసుపత్రి పెద్దయగు డాక్టరు బ్రిగ్హాము సాక్ష్యమిచ్చెను. క్రొత్త నిబంధన చేతికిచ్చి చదువుమనగా, ఫ్రీమన్ చదువుచున్నాననుకొని ఆ పుటలో లేని మాటలు పలికెనని సాక్షులు చెప్పిరి.

మొదటి జ్యూరీ అతని మతిని మాత్రమే విచారించి, మంచి చెడ్డలు ఎరుగునంత తెలివి ఉన్నదనెను. అంతట హత్యావిచారణ జరిపి ఉరిశిక్ష విధించిరి. సీవార్డ్ పై కోర్టుకు పోయెను. 1847లో ఆ కోర్టు తీర్పును కొట్టివేసెను. మంచి చెడ్డలు ఎరుగుట ఒకటి. తనపై జరుగు విచారణను గ్రహించి జవాబు చెప్పుకొనగలుగుట మరియొకటి. రెండవది లేనివానిని విచారింపరాదని ఆ తీర్పు భావము.

మన దేశమునందును 1898, 1973, 2023 సంవత్సరముల క్రిమినల్ విచారణ చట్టములు మూడింటిలోను ఇట్టి కట్టడ ఉన్నది. మతి చెడి తన పక్షము చెప్పుకొనలేనివాని విచారణను ఆపవలెను. 1987 నాటి న్యాయసేవల చట్టము చొప్పున మతి చెడినవానికి గాని, జైలులో నున్నవానికి గాని రుసుము లేకుండ వకీలును కోరు హక్కు కలదు. జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు కాగితము వ్రాసి ఇచ్చిన చాలును. అతని తల్లియైనను అన్నయైనను వ్రాయవచ్చును.

ఫ్రీమన్‌ను మరల విచారింపలేదు. 1847 ఆగస్టు 21న అతడు ఆబర్న్ జైలుగదిలో క్షయచేత చనిపోయెను. వైద్యులు తలను కోసి చూడగా మెదడు రోగముచేత చెడియుండెను.