పల్లెకు గురువు ఎవరు?

పల్లె బాగుపడాలంటే ముందు మనుషులు తయారుకావాలన్న మాట మన దేశంలో నూరేళ్లుగా వినబడుతోంది. ఎవరు ఎవరిని తయారుచేయాలన్న దగ్గరే దారులు చీలాయి.

1920లలో గుర్‌గావ్ డిప్యూటీ కమిషనర్ ఎఫ్.ఎల్. బ్రేన్ ఊరూరా ఎరువు గుంతలు తవ్వించాడు, ఇళ్లకు కిటికీలు పెట్టించాడు, ఇనుప నాగళ్లు వాడించాడు. రైతుకు తెలియదు, అధికారే చెప్పాలి అన్నది ఆయన నమ్మకం. ఆయన బదిలీ అయ్యాక ఆ ఊపు చల్లారింది. 1922లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆంగ్లేయ వ్యవసాయవేత్త ఎల్మ్‌హర్స్ట్ తోడ్పాటుతో బెంగాల్‌లోని సురుల్‌లో శ్రీనికేతన్ నెలకొల్పాడు. పల్లె కోల్పోయిన ఆత్మశక్తిని మళ్లీ కూడగట్టుకోవాలన్నది ఆయన ఆలోచన. 1937లో వార్ధాలో గాంధీ చేతిపనిని చదువుకు మూలం చేశాడు.

స్వతంత్ర భారతం ఆత్మశక్తి గురించి మాట్లాడుతూనే బ్రేన్ బాట పట్టింది. 1948లో అమెరికన్ ఆల్బర్ట్ మేయర్ ఉత్తరప్రదేశ్‌లోని ఎటావాలో చేసిన ప్రయోగం స్ఫూర్తిగా, 1952 అక్టోబరు 2న 55 సమాజ వికాస ప్రాజెక్టులు మొదలయ్యాయి. భారమంతా గ్రామసేవకుడి మీద పడింది. మేలురకం విత్తనాలు, పశువులకు టీకాలు, మరుగుదొడ్లు, సహకార సంఘం, వయోజన విద్య అన్నీ ఆ ఒక్కడే చూడాలి. ఊరికి ఏం కావాలో అడిగేలోపే పైనుంచి లక్ష్యాలు వచ్చిపడేవి. హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటను అధ్యయనం చేసిన ఎస్.సి. దూబే, 1958లో వెలువరించిన మరో గ్రంథంలో ఈ పథకం ఫలాలు ఎక్కువగా కలిగిన రైతులకే దక్కాయని చూపించాడు. ప్రజల్లో చొరవ పుట్టలేదని ఈ పథకాన్ని సమీక్షించిన బల్వంతరాయ్ మెహతా కమిటీ 1957లోనే చెప్పింది. ఆ కమిటీ సిఫార్సుతో 1959లో పంచాయతీరాజ్ వచ్చింది. అధికారం కొంత కిందికి దిగింది కానీ గురుపీఠం కదల్లేదు.

దాన్ని కదిలించింది నెల్లూరు జిల్లా ఆడవాళ్లు. 1992లో దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్నవాళ్లు సారా దుకాణం సంగతి ఎత్తుకున్నారు. ఆ కదలిక జిల్లాలు దాటింది. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. చదువు ఎటు దారితీయాలో నేర్చుకునేవాళ్లే తేల్చారు.

2000 తర్వాత రాష్ట్ర ప్రభుత్వ పేదరిక నిర్మూలన పథకం వెలుగు ఈ పాఠాన్ని పద్ధతిగా మలచింది. పొదుపు సంఘాల్లో రాటుదేలిన మహిళలు కొత్త ఊరికి వెళ్లి, అక్కడే రోజుల తరబడి ఉండి, తమ అప్పులూ ఆకళ్లూ చెప్పుకుని సంఘాలు కట్టించారు. క్రమం తప్పని సమావేశాలు, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అనే పంచసూత్రాలు అధికారి నోట కాక సాటి మనిషి నోట వినబడ్డాయి. 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ ఈ పద్ధతిని దేశమంతటికీ తీసుకెళ్లింది.

ఇంతా చేసి, పాఠం చెప్పే మనిషి మారింది గానీ పాఠ్యప్రణాళిక పూర్తిగా ఊరి చేతికి రాలేదు. సంఘం పనితనాన్ని ఇప్పటికీ ఎక్కువగా బ్యాంకు రుణాలతోనే కొలుస్తున్నారు. దూబగుంట మహిళలు మాట్లాడింది మాత్రం ఏ లక్ష్యాల పట్టికలోనూ లేని విషయం. అలాంటి విషయం ఎత్తడానికి సమావేశంలో చోటుంటేనే ఠాగూర్ కోరిన ఆత్మశక్తి ఉన్నట్టు.