ముందు కుర్చీల్లో దొరలు, వెనక బల్లల మీద మనవాళ్లు

రైల్వే కంపెనీల కాలంనాటి గ్రూపు ఫొటోలకు ఒకటే అమరిక. ముందు వరుసలో కుర్చీలు, వాటిలో టోపీ దొరలు. వాళ్ల వెనక నిలబడ్డ గుమాస్తాలు. ఆ వెనక బల్లలెక్కిన ఫిట్టర్లు, ఖలాసీలు. కింద పేర్లు రాసే వేళకు కుర్చీలవాళ్లతోనే సిరా అయిపోయేది. ఫొటోగ్రాఫర్లు ఫోర్‌గ్రౌండ్ అనేది ఆ ముందు భాగాన్నే. కెమెరాకు దగ్గరగా ఉన్నది పెద్దగా పడుతుంది, అంతే. చరిత్ర రాసేవాళ్లు ఆ పెద్దను గొప్ప అనుకుంటారు. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ విషయంలో మరీను.

ఈ ఊరి పేరెత్తితే ముందుకొచ్చేది ప్లాట్‌ఫారం. 1,072.5 మీటర్లు, ఒకటో నంబరు, మూడో నంబరు కలిపితే. ప్రపంచంలోకెల్లా పొడవైనదన్న ఘనతను 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి పట్టుకుపోయాయి. తర్వాత, ఇక్కడ కొన్నాళ్లు టికెట్ కలెక్టరుగా పనిచేసిన క్రికెటర్ ధోనీ. ఆపైన 1951లో ప్రారంభమైన ఐఐటీ. ఆ చదువులగుడి మొదలైందే హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో. 1931 సెప్టెంబరు 16న పోలీసు కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా ప్రాణాలొదిలింది అక్కడే.

ఈ బొమ్మలో ఊళ్లోని ఖరిదా పేట ఎక్కడుంది? రైల్వే కాలనీ ఒకపక్క, రైలు గేటు, ఆ పక్క బజారు పేట. తెలుగు వినపడే చోట్లలో ఇదొకటి. అదీ శ్రీకాకుళం, విజయనగరం యాస. ‘ఏటి’, ‘ఎల్తన్నాను’ అంటూనే మధ్యలో హిందీ ముక్క, వెంటనే బెంగాలీ ముక్క.

ఇంతమంది తెలుగువాళ్లు ఇక్కడికెలా చేరారంటే, పట్టాలే చెబుతాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో పుట్టింది. తూర్పు కోస్తా రైలుమార్గం ఉత్తర భాగం 1902లో దాని చేతికొచ్చింది. అప్పటినుంచి వాల్తేరులో రైలెక్కిన మనిషికి ఖరగ్‌పూర్ పరాయి కంపెనీ ఊరు కాదు. ఇక్కడి వర్క్‌షాపుకు బండ చాకిరీ చేసే చేతులు కావాలి. ఉత్తరాంధ్రలో పని కావలసిన చేతులున్నాయి. ఒకడొచ్చి క్వార్టరు సంపాదిస్తే బావమరిది, తమ్ముడు, ఊరివాడు వెనకే. 2003లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడేదాకా వాల్తేరు డివిజన్ కూడా ఖరగ్‌పూర్‌తో పాటు ఆగ్నేయ రైల్వేలోనే ఉండేది కాబట్టి, ఈ రాకపోకలు స్వాతంత్ర్యం తర్వాతా ఆగలేదు.

వెనక బల్ల మీదివాళ్లు ముందుకు దూకిన సంవత్సరం 1927. ఫిబ్రవరిలో ఒకసారి, సెప్టెంబరులో మరోసారి ఖరగ్‌పూర్‌లో పని నిలిచిపోయింది. రెండోసారి తగువు ఉద్యోగాల కోత మీద. కార్మికుల తరఫున నిలిచినవారిలో వరాహగిరి వెంకటగిరి ఒకరు, బరంపురంలో పుట్టిన తెలుగు బారిష్టరు. అంతకు ముందటేడే ఆయన అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. తర్వాత 1969లో రాష్ట్రపతి. నిజం చెప్పాలంటే ఆ సమ్మె కథలోనూ పేరు మిగిలింది గిరిగారిదే. పొయ్యి చల్లారినా పనిలోకి పోమన్న ఖలాసీల పేర్లు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు. కుర్చీలు మారాయిగానీ అమరిక మారలేదు.

పండగనాడు లెక్క వేరు. మాత పూజ ఊరేగింపులో పసుపు పూసి, వేపమండలు కట్టిన ఘటాలు నెత్తినెత్తుకుని ఆడవాళ్లు ముందు నడుస్తారు, మగవాళ్లు డప్పుల వెంట వెనక వస్తారు. చూడటానికి బెంగాలీలు, ఒడియాలు, బిహారీలూ చేరతారు. దుర్గాపూజ బెంగాలీలది, ఇది తెలుగువాళ్లది అని ఊరంతా ఒప్పుకున్న ఊరేగింపు ఇది.

కాగితం మీద గుర్తింపు మాత్రం ఆలస్యంగా అందింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును అధికార భాషల్లో చేర్చాలని నిర్ణయించింది, ముఖ్యంగా ఖరగ్‌పూర్ తెలుగువాళ్లను చూసే. ఎన్నికలు కొద్ది నెలల్లో ఉన్నాయన్న సంగతి ఎవరికీ తెలియనిది కాదు. అయితేనేం, ఓట్ల కోసమైనా సరే, ప్రభుత్వం ముందు వరుసలో వెతికింది ఈసారి మనవాళ్లనే.