సీడ్ పత్తి చేనూ, పందెం బరీ: రెండు రక్షణ చట్టాల పనితీరుపై పరిశీలన

బాలలూ మూగజీవాలూ తమ ఫిర్యాదు తాము రాసుకోలేరు. అందుకే వారికోసం చేసిన చట్టానికి ఎంత బలముందో తేల్చాలంటే ముందు చూడవలసింది శిక్షను కాదు, మినహాయింపులను. ఎవరికి ఏ దారి వదిలారో తెలిస్తే తక్కినది ఊహించవచ్చు. ఈ వ్యాసం తెలుగు నేలకు చెందిన రెండు సందర్భాలను తీసుకుంటుంది.

తెలంగాణలోని నడిగడ్డలోనూ కర్నూలు ప్రాంతంలోనూ సంకర పత్తి విత్తనం పండిస్తారు. ఆడ మొక్క మొగ్గలోని పుప్పొడి తిత్తులను సాయంత్రం చేతితో తీసేసి, మర్నాడు ఉదయం మగ పువ్వు పుప్పొడిని అద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. రోజూ, మొగ్గ మొగ్గకూ చేయవలసిన పని. చిన్న చేతులు చురుగ్గా ఆడతాయన్న మాట పైకి వినిపించే కారణం. కూలి తక్కువ కావడం అసలు కారణం. ఇందులో ఆడపిల్లలే ఎక్కువగా ఉంటారని దావులూరి వెంకటేశ్వర్లు పరిశోధనలు రెండు దశాబ్దాల క్రితమే చూపాయి.

1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, పద్నాలుగేళ్లలోపు పిల్లలతో పని చేయించడాన్ని అన్ని రంగాల్లోనూ నిషేధించారు. ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, యాభై వేల దాకా జరిమానా. కానీ బడి వేళల తర్వాత, సెలవుల్లో, ప్రమాదకరం కాని కుటుంబ పనుల్లో సాయపడవచ్చునన్నారు. పైగా ‘కుటుంబం’లో మేనత్త, బాబాయి, పిన్ని, మేనమామలను కూడా చేర్చారు. కూలికి తెచ్చిన పిల్లను మేనకోడలని చెబితే కాదని రుజువు చేయవలసిన భారం తనిఖీ అధికారిపై పడుతుంది. తిత్తులు తీసే పని సాయంత్రం కాబట్టి మినహాయింపులో ఒదిగిపోతుంది. పుప్పొడి అద్దే పని మాత్రం సరిగ్గా బడిగంట వేళకే వస్తుంది. మొక్క గడియారానికీ చట్టం గడియారానికీ పొత్తు కుదరదు. ఆ సంగతి చట్టం రాసినవారికి తట్టినట్లు లేదు.

ఒప్పందాల విషయానికొస్తే, బాలల హక్కుల ఒడంబడికలో 1992లో చేరినప్పుడే అన్ని పనులకూ కనీస వయసు వెంటనే నిర్ణయించడం సాధ్యం కాదని భారత్ ప్రకటించింది. బాలకార్మికతపై అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 138, 182 ఒడంబడికలను భారత్ 2017లో, అంటే పై సవరణ చేసుకున్న తర్వాతే ఆమోదించింది. 2020లో 182వ ఒడంబడికను సభ్యదేశాలన్నీ ఆమోదించాయి. ఆ ఏడాది ప్రపంచ బాలకార్మికుల అంచనా 16 కోట్లు, నాలుగేళ్ల కిందటికంటే 84 లక్షలు ఎక్కువ. 2024 అంచనా 13.8 కోట్లు.

జంతువుల పట్ల క్రూరత్వాన్ని నిషేధించే ఇలాంటి ప్రపంచ ఒప్పందమే లేదు. దేశంలో ఉన్న 1960 చట్టం జంతువుల పోరును నేరమంటుంది. తొలి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు. 2016 డిసెంబరులో తెలుగు రాష్ట్రాల ఉమ్మడి హైకోర్టు కోడిపందాలను అరికట్టమని ఆదేశించినా గోదావరి జిల్లాల్లో సంక్రాంతి బరులు ఆగలేదు. లక్షల పందెం కాసేవాడికి యాభై రూపాయలు ఏపాటి? జల్లికట్టును 2014లో సుప్రీంకోర్టు నిషేధిస్తే, తమిళనాడు 2017లో దానికి మినహాయింపునిస్తూ చట్టం సవరించుకుంది; 2023లో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సమర్థించింది. బాలకార్మిక చట్టంలో ‘కుటుంబం’ చేసిన పనే ఇక్కడ ‘సంప్రదాయం’ చేసింది.

మినహాయింపుకు చోటివ్వని ప్రయత్నం కూడా ఒకటుంది. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వాన ఎం.వి. ఫౌండేషన్, బడిలో లేని ప్రతి బిడ్డనూ బాలకార్మికుల కిందే లెక్కగట్టింది. పని ఇంటిదా, బయటిదా అన్న ప్రశ్నే అడగలేదు. అక్కడ తనిఖీ అధికారి చేయలేనిది హాజరుపట్టీ చేసింది.

కాబట్టి సవరించవలసినవి రెండు: 2016 సవరణలోని కుటుంబ మినహాయింపును తొలగించాలి, 1960 చట్టంలోని యాభై రూపాయల అంకెను మార్చాలి. ఈ రెండూ పార్లమెంటు చేతిలో ఉన్నవే.