ఏసీలో సరుకు, చేతిలో బాండు

గుంటూరు మిర్చి ధరల పట్టికలో సరుకు రెండు వర్గాలుగా కనిపిస్తుంది. కల్లం నుంచి నేరుగా యార్డుకొచ్చింది నాన్ ఏసీ, శీతల గిడ్డంగిలో దాచి తెచ్చింది ఏసీ. మిర్చి రకం తేజ అయినా, 334 అయినా ఇదే లెక్క. ఆ ఏసీ సరుకు వెనక నెలల తరబడి కదలకుండా ఇరుక్కున్న డబ్బుంది, దాని మీద నడిచే వడ్డీ ఉంది.

పంటలో ఎక్కువ భాగం ఫిబ్రవరి నుంచి మే లోపే మార్కెట్ మీద పడుతుంది. కారం మిల్లులకూ, ఎగుమతిదారులకూ మాత్రం సరుకు ఏడాది పొడుగునా కావాలి. మామూలు గోదాములో ఉంచితే కాయ రంగు తగ్గుతుంది, పురుగు పడుతుంది. అందుకే గుంటూరు చుట్టుపక్కల వందకు పైగా శీతల గిడ్డంగులు లేచాయి. అయితే కాయను చల్లగా ఉంచడం ఒక ఎత్తు, అన్నాళ్లూ పెట్టుబడిని నిలబెట్టుకోవడం మరో ఎత్తు.

ఈ చిక్కు మిర్చితో మొదలైంది కాదు. గుంటూరు, కృష్ణా ప్రాంతాల ఎర్రచాయ పత్తికి ఒకప్పుడు కాకినాడ రేవు పేరు మీదుగా ‘కోకనాడ’ అన్న పేరు స్థిరపడింది. 1861-65 అమెరికా అంతర్యుద్ధ కాలంలో భారత పత్తికి గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. అలాంటి వ్యాపారానికి పెట్టుబడి షావుకారుదే. విత్తనాల నాడే రైతుకు అప్పిచ్చి, పంట తన కాటాకే తేవాలని షరతు పెట్టేవాడు. నేటి కమీషన్ ఏజెంటు అడ్వాన్సులోనూ ఆ షరతు బతికే ఉంది.

షావుకారు అప్పు పక్కన బ్యాంకు అప్పూ వచ్చింది: 1923లో మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. అయితే నిల్వ చేసిన సరుకు మీద అప్పు పుట్టాలంటే నమ్మదగిన గిడ్డంగి ఉండాలని, గ్రామీణ పరపతిని పరిశీలించిన గోర్వాలా కమిటీ 1954లో చెప్పింది. 1956లో గిడ్డంగుల సంస్థల చట్టం, 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ, 1958లో రాష్ట్ర సంస్థ వచ్చాయి. విచిత్రమేమంటే, సరుకుల మీద బ్యాంకు అప్పులకు రిజర్వు బ్యాంకు కళ్లెం వేయడం మొదలుపెట్టిందీ 1956లోనే. ముందు వడ్లు, బియ్యం, తర్వాత పత్తి. నిల్వ అంటే ధర పెంచే ఎత్తుగడ అన్న అనుమానం అప్పట్లో బలంగా ఉండేది. 1975లో టాండన్ కమిటీ ఇంకో మెట్టెక్కి, నిల్వలకయ్యే డబ్బంతా బ్యాంకే ఇవ్వనక్కర్లేదనీ, అప్పు తీసుకునే సంస్థ తన దీర్ఘకాలిక నిధుల్లోంచీ కొంత పెట్టాలనీ కొలతలు నిర్ణయించింది.

ఇక బాండు. టిక్కీలు (మిర్చి బస్తాలు) దించి, తూకం వేసి, రకం, లాటు రాసుకుని గిడ్డంగి ఇచ్చే రశీదే బాండు. దాన్ని తాకట్టు పెట్టుకుని బ్యాంకు సరుకు విలువలో కొంత మొత్తం అప్పిస్తుంది, మిగతాది మార్జిన్. క్వింటా 10,000 ఉన్నప్పుడు 7,000 అప్పు తెచ్చారనుకుందాం. ధర 5,000కి దిగితే సరుకు మొత్తం అమ్మినా అప్పు తీరదు. బ్యాంకు మార్జిన్ నింపమంటుంది. చేతిలో రొక్కం లేనివాడు ఆ దిగిన ధరకే అమ్ముకోవాలి, ఆ అమ్మకాలు ధరను ఇంకా దించుతాయి.

2017లో పంట వెల్లువెత్తి ధర కుప్పకూలినప్పుడు ఈ భయం యార్డంతా కమ్మింది. కేంద్రం ఆ మే నెలలో క్వింటాకు 5,000 చొప్పున 88,300 టన్నుల కొనుగోలుకు ఒప్పుకుంది. 2025 ఫిబ్రవరిలో మళ్లీ జోక్యం చేసుకుని క్వింటాకు 11,781 రూపాయల ధర కట్టింది.

రశీదునే చట్టబద్ధంగా చేతులు మారే పత్రంగా మలిచింది 2007 గిడ్డంగుల చట్టం. 2010లో నియంత్రణ సంస్థ ఏర్పడింది, 2017 నుంచి ఎలక్ట్రానిక్ రశీదులు మొదలయ్యాయి. 2024 డిసెంబరులో ఈ రశీదుల మీద ఇచ్చే అప్పులకు 1,000 కోట్ల హామీ నిధి ప్రకటించారు. కిసాన్ క్రెడిట్ కార్డు ఉన్న చిన్న రైతుకు, నమోదైన గిడ్డంగి రశీదు మీద కోత తర్వాత ఆరు నెలల దాకా పంట రుణపు వడ్డీకే అప్పు దొరికే వీలుంది.

వీలు మంచిదే. కానీ మిర్చికి పురుగుమందు దగ్గర్నుంచి కోత కూలీల దాకా అప్పు తెచ్చిన రైతు, కాయ కల్లంలో ఎండకముందే ఏజెంటుకు బాకీపడి ఉంటాడు. ఆ బాకీ కోసం పంటను వెంటనే అమ్మేస్తాడు. సాగు పెట్టుబడి బ్యాంకు నుంచి సకాలంలో అందనంత వరకూ గిడ్డంగి రశీదు మీద ఎక్కేది కొన్నవాడి పేరే.