మాగ్డెబర్గు గుఱ్ఱములు



జర్మనీ దేశమున మాగ్డెబర్గు అను పట్టణము కలదు. 1631వ సంవత్సరమున శత్రుసేనలు దానిని దగ్ధము చేసెను. ఆ విధ్వంసమునుండి ప్రాణములతో బయటపడి, పిమ్మట ఆ పట్టణమునకే నగరాధ్యక్షుడైన ఆటో ఫాన్ గెరికే యనునాతడు, పాలనాకార్యముల నడుమ గాలిని తోడివేయు యంత్రమొకటి కల్పించెను. నూతినీటిని తోడినట్లు గాలిని తోడుట! మా తాతగారు విన్నచో నవ్వి యుందురు.

1657లో అతడు రెండు రాగి అర్ధగోళములను అంచులు చేర్చి, నడుమ మైనము పట్టించిన తోలుపట్టీ నుంచి, లోపలి గాలిని తోడివేయించెను. ప్రక్కకు 8 చొప్పున 16 గుఱ్ఱములను బూన్చి ఎదురెదురుగా లాగించెను. బయటి గాలి చదరపు అంగుళమునకు సుమారు 15 పౌనుల చొప్పున అదిమి పట్టుటచే ఆ చిప్పలు సులభముగా విడివడవయ్యెను. 1672లో అచ్చయిన యాతని గ్రంథమున ఈ దృశ్యము చిత్రముగా నున్నది.

ఈ కథను నేను బడిలో పదునొకండేండ్లు చెప్పితిని. ప్రతిసారియు “పదునారు గుఱ్ఱముల బలము” అని గొంతెత్తి పలికితిని. పరీక్షలో అట్లు వ్రాసినవారికి నిండు మార్కు లిచ్చితిని. పన్నెండవ యేట ఒక బండివాని కుమారుడు లేచి, “అయ్యగారూ, ఒక పక్క గుర్రాల్ని విప్పేసి ఆ తాడు చింతచెట్టుకు కట్టేస్తే లాగుడు తగ్గుద్దా అండీ?” అని యడిగెను. తర్కము చదివితినను గర్వముతో వానిని కూర్చుండుమని గద్దించితిని.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారిన పిమ్మట బడిలోని రెండు స్ప్రింగు కాటాలను కొక్కెమునకు కొక్కెము తగిలించి, నేనొకవైపు, మఱొక విద్యార్థి యొకవైపు లాగితిమి. రెండును 5 పౌనులే చూపెను, పది కాదు. తరువాత ఆ విద్యార్థిని తొలగించి, వాని కాటాను గోడమేకునకు తగిలించి మునుపటివలెనే లాగితిని. మరల రెండును 5 పౌనులే! మేకు మాటలాడక 5 పౌనులతో నన్నెదిరించుచుండెను.

లాగువాడు ప్రయోగించు బలము వేఱు. వస్తువుపై బడు బలములలో ఎదురు బలములు పోగా మిగులు ఫలితబలము వేఱు. మాగ్డెబర్గున ఇటు ఎనిమిది, అటు ఎనిమిది. ప్రయుక్తబలములు ఘనములే, గోళముపై ఫలితము శూన్యము. కనుకనే అది యున్నచోటనే నిలిచెను. చిప్పలను విడదీయజూచిన లాగుడు ఎనిమిదింటిదే. తక్కిన ఎనిమిదియు చింతమ్రాను పని చేసినవి.

వస్తువు గమనమును మార్చునది ఈ ఫలితబలమే యని 1687లో న్యూటను తన గ్రంథమున స్థాపించెను. మన యెడ్లబండి కదలునప్పుడు ఎడ్ల లాగుడు బాట పట్టుకంటె మించును. చదును బాటపై ఒకే వడితో సాగునప్పుడు రెండును సరితూగును. ఫలితబలము శూన్యమైనను బండి సాగుచునే యుండును, ఎడ్లు రొప్పుచునే యుండును. ఇది నాకును మొదట నమ్మశక్యము కాలేదు.

తరగతిలో నా తప్పు నొప్పుకొని, ఆ బాలుని ముందు బల్లకు పిలిచితిని. “మఱి ఆ దొర రెండవ జట్టు గుఱ్ఱముల నేల తెచ్చెనురా?” అని యడిగితిని.

వాడు తల గోకికొని, “చెట్టును చూడ్డానికి జనం రారు గదండీ” అనెను.